పదిహేడో తెప్ప నీటిగీత పుస్తకం

ఆగస్టు 3. ఎర్రగీతకు కింద తొమ్మిది వేళ్ళు.

ఈ పుస్తకంలో రోజూ రాయాల్సింది ఒక్క అంకె. పొద్దున్నే తెప్ప అంచున వంగి, పక్కగోడ మీద గీసిన ఎర్రగీతకు నీళ్ళు ఎన్ని వేళ్ళ కింద ఉన్నాయో కొలిచి, రాసి, సంతకం పెట్టి మూసెయ్యాలి. పక్కన ‘వివరాలు’ అని ఓ వెడల్పాటి గడి ఉంది. నాకు ముందు ఈ పని చేసినాయన పదకొండేళ్ళ పాటు ఆ గడిలో ‘ఏమీ లేవు’ అని రాస్తూ వచ్చాడు. ముప్పై ఏళ్ళు కాలేజీలో ఫిజిక్సు చెప్పినదాన్ని, అంత ఖాళీ గడిని చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాదు.

ఇవాళ్టి వివరం: నిరుడు ఇదే రోజున పన్నెండు వేళ్ళు ఉంది. అంటే ఏడాదిలో మూడు వేళ్ళు మునిగాం.

మునగడం ఎందుకంటే గుల్లల వల్ల. తెప్ప అడుగున గుల్లలు పడతాయి, గీకకపోతే పెరుగుతాయి, పెరిగితే బరువు. మా తెప్పలపాలెంలో అరవై తెప్పలున్నాయి, తెప్పకి ఇరవై ఇళ్ళు. ఎర్రగీత మునిగిన తెప్పని తుపాను కాలంలో సముద్రం మీద ఉంచరు. ఖాళీ చేయించి ఒడ్డున రేకుల షెడ్లలోకి పంపుతారు. మా లంక ఊళ్ళు నీళ్ళపాలైన కొత్తలో ఆ షెడ్లలో ఆరేళ్ళున్నాం. ఏడో ఏడు ఉండాలన్న కోరిక ఎవరికీ లేదు.

తుపాన్లు అక్టోబరు నడుమ మొదలవుతాయి. వేళ్ళు తొమ్మిదే ఉన్నాయి.

ఆగస్టు 5. తొమ్మిది వేళ్ళు.

వచ్చే నెలాఖరున మా తమ్ముడు పానకాలు రిటైరవుతున్నాడు. వాడు చింతగింజ ఆటల కంపెనీ ప్రెసిడెంటు. మా చిన్నప్పుడు ప్రెసిడెంటంటే పంచాయతీ ప్రెసిడెంటు. వీధి దీపం వెలగకపోతే ఆయన్ని తిట్టేవాళ్ళం. ఇప్పుడు ప్రెసిడెంటంటే మావాడే. దీపం వెలగకపోతే తిట్టాల్సిందీ వాణ్ణే, కాకపోతే బాగుచేసినవాళ్ళకి గింజలు పడతాయి గనక అది వెలగకుండా ఉండదు. గింజలంటే తినేవి కావు. ఆటలో పడే మార్కులు. గింజలు కూడితే మెట్టు ఎక్కుతారు. మొత్తం పది మెట్లు. పదో మెట్టువాళ్ళకి సభల్లో ముందు వరస కుర్చీ.

సన్మాన సంఘం కార్యదర్శి నాంచారయ్య మాస్టారు పొద్దున వచ్చారు. సావనీరు కోసం తమ్ముడి జీవిత విశేషాలు నన్నే రాసిమ్మన్నారు. రాసిచ్చాను. నిలబడే చదివారు.

“బాగుందండీ వకుళమ్మగారూ. కానీ కొంచెం గౌరవం తక్కువైనట్టుందండి.”

“ఎక్కడ?”

“మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకానండి.”

తిరిగిచ్చేశారు. కాయితం పారేయడం ఎందుకని సారం ఇక్కడ రాస్తున్నాను.

పానకాలు నా క్లాసులోనే ఫిజిక్సు రెండుసార్లు తప్పాడు. చదువు రాకపోయినా వాడికి ఒక విద్య వచ్చు, మనుషులు ఏం చేస్తున్నారో కన్నార్పకుండా చూడటం. రేకుల షెడ్లలో ఉన్నప్పుడు నీళ్ళ ట్యాంకరు రాగానే బిందెలతో తలలు పగలగొట్టుకునేవాళ్ళం. వాడు నెల రోజులు ఓ డ్రమ్ము మీద కూర్చుని ఆ కొట్లాట చూశాడు. తర్వాత ఫోనులో ఓ ఆట కట్టాడు, పేరు ‘వరస’. వరసలో నిలబడ్డవాళ్ళ ఫోన్లన్నీ కలిసి ఒక కాగితప్పడవని ఏటికి అడ్డంగా నడుపుతాయి. ఎవరైనా వరస తప్పితే అందరి పడవా మునుగుతుంది. వారం తిరిగేసరికి ట్యాంకరు వెళ్ళిపోయాక కూడా జనం వరసలోనే నిలబడి ఉన్నారు.

అక్కణ్ణుంచి వాడికి ఎదురులేదు. పిల్లల టీకాలకో ఆట, చెత్తకో ఆట. తెప్పల మీదికి వచ్చాక గుల్లల ఆట. నడుముకి తాడు కట్టుకుని నీళ్ళలోకి దిగి గుల్లలు గీకి, రేవులో తూకం యంత్రంలో పోస్తే బరువుకి తగ్గ గింజలు. ముప్పై ఏళ్ళుగా ఈ ఊరు తేలుతున్నది ఆ ఆట వల్లే. ఇప్పుడు బంగాళాఖాతం చుట్టూ ఉన్న తెప్ప ఊళ్ళన్నీ వాడి ఆటలే ఆడుతున్నాయి. పెళ్ళి సంబంధానికి వచ్చినవాళ్ళు పిల్లాడి ఉద్యోగం తర్వాత అడుగుతున్నారు, ముందు ఎన్నో మెట్టని అడుగుతున్నారు.

వాడికో సూత్రం ఉంది. ఆఫీసులో ప్రతి గోడ మీదా రాయించాడు: నోరు చెప్పేది వినకు, చెయ్యి చేసేది చూడు. కొత్త ఆట తయారైతే ఏ వివరమూ చెప్పకుండా తెచ్చి నా చేతిలో పెడతారు. గంట టైము. నేను ఎంత మెచ్చుకున్నా లెక్కలేదు. గంటలోపు నా చెయ్యి దాన్ని కింద పెడితే ఆ ఆట చెత్తబుట్టలోకే. దీన్ని కంపెనీలో ‘అక్క పరీక్ష’ అంటారు. ఇప్పటికి ఇరవయ్యేడు ఆటల్ని చంపాను. వాటిల్లో ‘మంచి కోడలు’ అనేదాన్ని నాలుగు నిమిషాల్లో చంపినందుకు నాకిప్పటికీ సంతోషమే.

ఆగస్టు 9. ఎనిమిది వేళ్ళు.

తమ్ముడింట్లో భోజనం. మా గుమ్మానికి రెండు గుమ్మాల అవతల. మరదలు హైమ పీతల ఇగురు చేసింది. బాగుందని గట్టిగా అంటే ఆవిడ గరిట టింగుమని మోగి రెండు గింజలు పడతాయి. అన్నాను. మోగింది. హైమ పదో మెట్టు. నేను తొమ్మిది.

పానకాలు అన్నం తింటూనే గోడ మీద లెక్క చూపించాడు.

“చూశావా అక్కా! నిరుటి మీద ఈ ఏడాది గీకిన గుల్లలు రెండింతలు. ముప్పై ఏళ్ళలో ఇంత ఎప్పుడూ లేదు. రిటైరయ్యే ముందు దేవుడు నాకిది చూపించాడు.”

“మరి మునుగుతున్నాం ఎందుకురా?”

“ఏంటి?”

“రెండింతలు గీకితే తెప్ప పైకి లేవాలి. నా పుస్తకంలో ఎనిమిది వేళ్ళుంది.”

“నీ వేళ్ళు లావెక్కాయేమో.”

“లావెక్కితే తేడా మొదటి రోజే కనబడాలి. వారవారం తగ్గదు. ఇందుకే నువ్వు రెండుసార్లు తప్పింది.”

హైమ ఇగురు గిన్నె మా ఇద్దరి మధ్యకి జరిపింది. “తినండి వదినా. లెక్కలు తర్వాత చూసుకోవచ్చు. ఆయనకి సన్మానం దగ్గర పడుతోందని అసలే నిద్ర పట్టట్లేదు.” ఆ గొంతులో కొంచెం కంగారు వినబడింది. సన్మానం గురించే అనుకున్నాను.

ఆగస్టు 17. ఏడు వేళ్ళు.

మా మనవరాలు మంజీర తెప్పల అడుగున లంగరు తాళ్ళు సరిచూసే ఉద్యోగం చేస్తుంది. ఆ పిల్ల ఇవాళ నీళ్ళలోంచి వచ్చి, తల తుడుచుకోకుండానే నా ఎదురుగా కూర్చుంది.

“అమ్మమ్మా, కింద తోట ఉంది.”

“సముద్రంలో తోటేంటే?”

“కొబ్బరి పీచు తాళ్ళు. దండల్లా వేలాడదీశారు. తాడు నిండా గుల్లలే, గుత్తులు గుత్తులు. పండగకి కట్టిన మామిడాకుల్లాగ ప్రతి ఇంటి కిందా వరసగా ఉన్నాయి.”

నాకు విషయం వెంటనే అర్థమైంది. గీకితే గింజలు. గీకేస్తే గుల్లలు అయిపోతాయి. అయిపోతే గింజలు రావు. అందుకని జనం గుల్లల్ని సాగు చేస్తున్నారు. వారానికి సగం కోసి తూకంలో పోసి, మిగతా సగం పెరగడానికి వదిలేస్తున్నారు. రేవులో లెక్క పెరుగుతోంది, తెప్ప మునుగుతోంది. మా తమ్ముడి ఆట మమ్మల్ని ముంచుతోంది. అదీ రికార్డు స్థాయిలో.

“నాంచారయ్య మాస్టారి కింద ఆరు తాళ్ళు. హైమమ్మమ్మ కింద తొమ్మిది. ఇంకా చెప్పనా?”

“చెప్పు.”

“మన కింద నాలుగు.”

నేను కళ్ళద్దాలు తుడుచుకున్నాను.

“ఆ తాళ్ళకున్నవి అంచు ముడులు అమ్మమ్మా. కొస లోపలికి దోపి. ఆ ముడి ఈ ఊళ్ళో ఇద్దరికే వచ్చు. ఒకదాన్ని నేను.”

పుస్తకంలో అబద్ధం రాయకూడదు గనక రాస్తున్నాను. మూడేళ్ళ కిందట హైమ ఎనిమిదో మెట్టు దాటి నన్ను మించిపోయింది. ఆవిడ గీకుడు నేను చూశాను, దోసె అట్లకాడతో తిరగేసినట్టుంటుంది. అలాంటి మనిషి నాకంటే పైమెట్టులో ఎలా ఉంటుంది? మొదట ఒక్క తాడే కట్టాను, అది కూడా కూరకి పనికొస్తుందని నాకు నేను చెప్పుకుని. గుల్లల కూర మా ఇంట్లో ఎవరూ తినరు.

ఆగస్టు 18. ఏడు వేళ్ళు.

తమ్ముడి ఆఫీసుకి వెళ్ళాను. వైస్ ప్రెసిడెంటు సౌగంధి కూడా ఉంది. అక్టోబరు నుంచి తమ్ముడి కుర్చీ ఆవిడదే. ముప్పై నాలుగేళ్ళ పిల్ల, చురుకు, మాట మహా మెత్తన. విషయం చెప్పాను. పానకాలు నా మొహం చూడలేదు, ఒళ్ళో పెట్టుకున్న నా చేతుల్నే చూశాడు.

“నీవి ఎన్ని తాళ్ళు?”

“ఒకటి.”

“అక్కా.”

“నాలుగు. నీ ఇంటి కింద తొమ్మిది.”

వాడు అరిచి గోల చేస్తాడనుకున్నాను.

“దీన్ని మోసం అనలేనక్కా. గుల్లలు తెస్తే గింజలిస్తానన్నాను. తెచ్చారు. నేను కట్టిన ఆటని నేను కట్టినట్టే ఆడారు.” ఆ మాటలో సిగ్గుంది, దాని పక్కనే కొంచెం గర్వమూ ఉంది. వాడి సంగతి నాకు తెలియదా.

“ఇది పెద్ద సమస్య కాదు సర్,” అంది సౌగంధి. “ఇంకో ఆట కడదాం. ఎవరింటి కింద తాళ్ళున్నాయో పట్టిచ్చినవాళ్ళకి గింజలు. పేరు ‘కాపలా’. వారంలో తాడన్నది మిగలదు. పెద్దమ్మగారు పరీక్షకి కూర్చుంటే సన్మానం లోపే జనంలోకి వదలొచ్చు.”

ఇక్కడొక మాట రాసి ఉంచాలి. నాకప్పుడు అది మంచి ఆలోచనే అనిపించింది.

ఆగస్టు 26. ఆరు వేళ్ళు.

అక్క పరీక్ష, ఇరవయ్యెనిమిదో చావు కోసం వెళ్ళాను.

ఎప్పటిలాగే చిన్న గది, బల్ల, అద్దం గోడకి అవతల నా చేతులు చూస్తూ తమ్ముడు. బల్ల మీద మా పదిహేడో తెప్ప బొమ్మ, ఇరవై ఇళ్ళు. ఒక ఇంటి మీద వేలు పెట్టి ఎందుకు అనుమానమో ఒక్క ముక్క చెప్పాలి. ఆట దాన్ని రేవు తూకం లెక్కలతో సరిచూసుకుని, నిజమైతే ఆ ఇంటి మీద దీపం వెలుగుతుంది. దీపంతో పాటు ఒక ఆడగొంతు, అచ్చం పక్కింటావిడ గుమ్మంలో చేరబడి అన్నట్టు, “నాకెప్పుడో తెలుసు!” అంటుంది.

ఆ గొంతు ఎవరు చెప్పారో గానీ వాళ్ళకి దండం పెట్టాలి.

మొదటి దీపం హైమది. నాకెప్పుడో తెలుసు! రెండోది నాంచారయ్య మాస్టారిది. మా ఆయన పోయినప్పుడు పదకొండు రోజులు మా ఇంటికి నీళ్ళు మోసిన మనిషి. వేలు పెట్టేటప్పుడు ఆ సంగతి గుర్తుకి రాలేదు. ఆరు తాళ్ళే గుర్తొచ్చాయి. తర్వాత మూడిళ్ళు, తర్వాత ఇంకో ఆరు. ఎవరి చీర కొంగు పొద్దున్నే తడిసి ఉంటుందో, ఎవరు రేవుకి దొడ్డిదారిన వెళతారో, ఇన్నేళ్ళుగా ఏ ఉపయోగమూ లేక నాలో పడి ఉన్న జ్ఞానమంతా ఒక్కసారిగా పనికొచ్చింది. మోకాళ్ళ నొప్పులు లేవు. దాహం లేదు. పదకొండు దీపాలు వెలిగాక గంట కొట్టారు.

“ఇంకో అయిదు నిమిషాలు,” అన్నాను. అన్నది నేనే.

ఆ మాట నా చెవిన పడ్డాక చెయ్యి తీసేశాను.

సౌగంధి మొహం వెలిగిపోతోంది. “ఇరవై రెండేళ్ళ తర్వాత గంట నిండా ఆడిన ఆట ఇదేనట పెద్దమ్మగారూ! ఒక్క ఇంటి దగ్గర తప్ప మీ చెయ్యి ఎక్కడా ఆగలేదు.”

ఆ ఒక్క ఇల్లు ఎవరిదో ఆవిడ మర్యాదస్తురాలు కాబట్టి చెప్పలేదు.

“దీన్ని జనంలోకి వదలొద్దు,” అన్నాను తమ్ముడితో.

“బాగాలేదా?”

“చాలా బాగుంది. అందుకే వద్దు.”

“పెద్దమ్మగారూ, మీరు పెద్దవారు, తప్పుగా అనుకోకండి,” అంది సౌగంధి గోడకేసి చూపిస్తూ. “నోరు చెప్పేది వినకూడదు కదండీ. ఆ సూత్రం మీదే కదా ఈ కంపెనీ నిలబడింది.”

పానకాలు గోడ వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఆలోచిస్తానన్నాడు. నేను వెలిగించిన పదకొండు పేర్లూ ఆ బల్లలోనే ఉన్నాయి. ఆటని వదిలితే మొదట పిలిచేది వాళ్ళనే.

సెప్టెంబరు 4. అయిదు వేళ్ళు.

‘కాపలా’ సంగతి పొక్కింది. ఎవరూ తాళ్ళు కొయ్యలేదు, ఇంకా లోతుకి దించుకున్నారు. ఇదివరకు పొద్దున ఎదురుపడితే టిఫినేంటని అడిగేవాళ్ళు, ఇప్పుడు చీర కొంగు వంక చూస్తున్నారు. నిన్న ఇద్దరు వియ్యపురాళ్ళు రేవులో ఒకరి చేతులొకరు పట్టుకుని ఎంతో ప్రేమగా మాట్లాడుకున్నారు. వేళ్ళ మీద గుల్లలు గీసిన గీతలు చూసుకోవడానికని తర్వాత తెలిసింది.

మధ్యాహ్నం నాంచారయ్య మాస్టారు వచ్చారు.

“వకుళమ్మగారూ, మీరు పరీక్షకి కూర్చున్నారట కదండీ. ఎలా ఉందండీ ఆట?”

“మామూలేనండి.”

“మన తెప్పలో ఎవరివన్నా పేర్లు…”

“కాఫీ తాగుతారా మాస్టారూ?”

ఆయన నాకేసి చూసి తాగుతానన్నారు. కాఫీ కలిపిచ్చాను. ఇద్దరం సముద్రం చూస్తూ కూర్చున్నాం. ఆరు తాళ్ళ మనిషి, నాలుగు తాళ్ళ మనిషి. తుపాను వస్తుందేమోనన్నారాయన. రావచ్చన్నాను. ఆయన మొహంలోకి చూడలేక గ్లాసులు మూడుసార్లు కడిగాను.

సెప్టెంబరు 12. నాలుగున్నర వేళ్ళు.

తమ్ముడు మా వంటింట్లోకి వచ్చాడు. ఎనిమిదేళ్ళుగా ఎప్పుడొచ్చినా వెనక నలుగురుండేవాళ్ళు. ఇవాళ ఒక్కడే వచ్చి, పీట వాల్చుకుని కూర్చున్నాడు. నేను చిక్కుళ్ళు ఒలుస్తున్నాను.

“ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. ఆ గంటసేపూ నీకెలా ఉంది?”

“హాయిగా ఉందిరా. నా పెళ్ళిలో కూడా అంత హాయిగా లేదు.”

“నలభై ఏళ్ళుగా నేను వెతికింది ఆ హాయినే. ఎక్కడుంటే అక్కడికి మనుషుల్ని తీసుకెళ్ళాను. తప్పా?”

“వరసలో నిలబెట్టడానికి తీసుకెళ్ళావు, తప్పు లేదు. ఇప్పుడు నాంచారయ్య గారి మీదికి తీసుకెళుతున్నావు. రేపు ఆయన నా మీదికి వస్తాడు. తాళ్ళు పోతాయి, నిజమే. తెప్ప తేలుతుంది. ఆ తేలే తెప్ప మీద ఎవరి ఇంటికి ఎవరు వెళతారో చెప్పు.”

వాడు ఓ చిక్కుడుకాయ తీసుకుని ఒలవబోయి గింజ నేల మీద పడేశాడు.

“ఆట అసలు ఆపేస్తే? తూకం లేదు, గింజల్లేవు, మెట్లు లేవు. అప్పుడెవరన్నా నీళ్ళలోకి దిగుతారా?”

దిగుతారని చెప్పాలని నోటిదాకా వచ్చింది. అక్కని కదా, ధైర్యం చెప్పాలి.

“తెలియదురా,” అన్నాను.

“నాకూ తెలియదు. తెలియకుండా ఇంతవరకు ఒక్కటీ వదల్లేదు నేను. నెలరోజుల్లో తుపాన్లు. ఎవరూ దిగకపోతే మళ్ళీ షెడ్లు. అప్పుడు నా పేరు చెప్పుకుని రేకుల కింద కూర్చుంటారు.”

“కూర్చుంటాం. నీ పక్కన నేనూ ఉంటాను. అక్కడ నిన్ను తిట్టడానికి ఒక మనిషి కావాలిగా.”

వాడు నవ్వలేదు. మిగతా కాయలన్నీ ఒలిచి, అందులో సగం నేల మీద పోసి వెళ్ళాడు.

సెప్టెంబరు 30. నాలుగు వేళ్ళు.

సన్మానం. రేవు తెప్ప మీద షామియానా, ఎండ, రెండు వేల మంది. ముందు వరసలో పదో మెట్టువాళ్ళు, మధ్యలో హైమ, పట్టుచీర. సౌగంధి స్వాగతం పలికింది. నాంచారయ్య మాస్టారు శాలువా కప్పారు. అందరి ఫోన్లూ ఒక్కసారి టింగుమన్నాయి, అందరూ చప్పట్లు కొట్టారు.

పానకాలు మైకు పట్టుకున్నాడు.

“‘కాపలా’ రాదు. ప్రెసిడెంటుగా నా చివరి సంతకం దాని మీదే పెట్టాను, రద్దని. అందులో ఉన్న పేర్లు కూడా చెరిపేశాను. పరీక్షలో మా అక్క చెయ్యి ఆగలేదు. నోరు వద్దంది. మొదటిసారి నోటి మాట విన్నాను. దానికంటే ముందు ఇంకో సంతకం పెట్టాను. గుల్లల ఆట ఈ క్షణం నుంచి ఆగిపోయింది. తూకం యంత్రం ఆపించాను. మెట్లు ఇక లేవు. కింద ఏం వేలాడుతోందో మీకు తెలుసు, నాకూ తెలుసు. మీవి మీరు కోసుకోండి. తప్పు ఆట కట్టినవాడిది. శలవు.”

దిగిపోయాడు. ఫోన్లు మోగలేదు గనక చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. తెలిశాక మొదలైంది గోల. మునుగుతున్నామన్న బాధ ఒక్కరిలోనూ లేదు, ఎక్కిన మెట్టు పోయిందన్నదే అందరి ఏడుపు.

“పద్దెనిమిదేళ్ళు పట్టిందండీ ఆ కుర్చీకి!” అని వెనక ఎవరో అరుస్తున్నారు. హైమ ముందు వరసలోంచి లేవకుండా అలాగే కూర్చుంది, ఎవరో ఆ కుర్చీ లాక్కుపోతారన్నట్టు.

ఆ అందరిలో నేనూ ఉన్నాను. తొమ్మిదో మెట్టు తక్కువేం కాదు.

అక్టోబరు 3. మూడు వేళ్ళు.

రేవు ఖాళీ. తాళ్ళు మాత్రం సగం మంది కోశారని మంజీర చెప్పింది. నేను నాలుగూ కోసేశాను. కానీ తెప్ప అడుగుకి అంటుకున్న గుల్లలు గీకడానికి ఒక్కరూ దిగలేదు. నేను కూడా. మోకాళ్ళని చెప్పుకున్నాను. సౌగంధి రోజుకోసారి రేవుకి వచ్చి, ఖాళీ మెట్లు చూసి, ఏమీ అనకుండా వెళుతోంది. ఆవిడ అనకపోవడమే నాకు కష్టంగా ఉంది.

పొద్దున పానకాలు నడుముకి తాడు కట్టుకుని, చేతిలో గీకుడు పారతో నీళ్ళలోకి దిగాడు. ముప్పై ఏళ్ళు ఊరి చేత గీకించినవాడు, వాడెప్పుడూ గీకలేదు. పార తిరగేసి పట్టుకున్నాడు. గంటలో గుప్పెడు గుల్లలు రాలాయి, వేలు తెగింది. జనం కాఫీ గ్లాసులతో అంచున నిలబడి చూశారు.

అక్టోబరు 5. మూడు వేళ్ళు.

మూడో రోజు కూడా వాడొక్కడే, పార అదే తిరగేసి.

అంచున నిలబడ్డవాళ్ళలో నాంచారయ్య మాస్టారి మొహం చూస్తున్నాను నేను. మొదటి రోజు నవ్వారు. రెండో రోజు పళ్ళు కొరుక్కున్నారు. ఇవాళ ఆగలేకపోయారు.

“ప్రెసిడెంటుగారూ! అలా కాదండీ!”

“ఎలా మాస్టారూ?”

“వాలుగా పట్టాలండీ, వాలుగా! అయ్యో, అటు కాదండీ బాబూ!” అంటూ పంచె ఎగ్గట్టి, తాడు అడిగి తీసుకుని దిగిపోయారు. రెండు నిమిషాలు గీకి చూపించారు.

పైనుంచి ఇంకో గొంతు. “ఆయన చెప్పేదీ తప్పేనండీ. కింది నుంచి పైకి గీకాలి.”

“నువ్వు చెప్పొచ్చావులే! దిగి చూపించు!”

దిగాడు. అతను చూపించేది తప్పని చెప్పడానికి ఇంకో ఇద్దరు దిగారు. పదింటికల్లా నీళ్ళలో పద్నాలుగు మంది, ఒకడి పద్ధతి ఇంకొకడికి నచ్చక, కేకలేసుకుంటూ. మా ఊరివాళ్ళు పని మానేసి కూర్చోగలరు గానీ, ఎదుటివాడు పని తప్పుగా చేస్తుంటే మాత్రం చూస్తూ కూర్చోలేరు.

తమ్ముడు గట్టెక్కి నా పక్కన కూలబడ్డాడు, ఒగరుస్తూ.

“ఒరేయ్, నిజం చెప్పు. పార కావాలనే తిరగేసి పట్టుకున్నావా?”

వాడు గుడ్డ చుట్టిన వేలు నా ముందు పెట్టాడు. రక్తం నిజమైనదే.

అక్టోబరు 11. నాలుగు వేళ్ళు.

గోడ మీద తడి ఆరిన చోట ఒక వేలు మేర కొత్తగా కనబడుతోంది. తెప్పలో తాళ్ళు లేవని మంజీర పొద్దున చెప్పింది. ఒక్కచోట తప్ప. ఎక్కడని అడగలేదు, నోరు కట్టుకున్నాను. ఆ తాడు కూడా సాయంత్రానికి పోయిందట.

తుపాన్లకి నాలుగు వేళ్ళు చాలతాయో చాలవో తెలియదు. సౌగంధి మిగతా తెప్ప ఊళ్ళకి ఉత్తరాలు రాసింది, మీ అడుగున కూడా చూసుకోండని. తన చేత్తో తనే రాసిందని విన్నాను. నాకు ఆ పిల్ల మీద కోపం తగ్గింది.

ఇవాళ నేనూ దిగాను. దిగానంటే మెట్టు మీద కూర్చుని, కాళ్ళు నీళ్ళలో పెట్టి అంచు గీకాను. పక్క మెట్టు మీద హైమ. పది రోజులుగా మొగుడితో మాటల్లేవు, నాతో మాత్రం ఉన్నాయి.

“ఏంటి వదినా ఆ పట్టు? చీపురు పట్టినట్టు.”

“నీది అట్లకాడ పట్టు. నువ్వు నాకు చెప్పకు.”

ఎండెక్కేదాకా గీకాం. గీకినవి గీకినట్టే నీళ్ళలోకి జారిపోతున్నాయి, తూకానికి పోయేదేమీ లేదు. కింద ఎవరో పాట అందుకున్నారు, ఇంకెవరో రాగం తప్పని సరిదిద్దుతున్నారు. పానకాలు ఈదుకుంటూ వచ్చి మా మెట్టు పట్టుకుని వేలాడాడు.

“ఎన్ని గీకావక్కా?”

“ఎవరు లెక్కపెట్టారురా,” అన్నాను.

నలభై ఒకటి. హైమవి ముప్పై ఎనిమిది.